పనివాడికి ఊహ లేదట!

మన ఊళ్లో పిల్లలు బంకమట్టితో ఎద్దును చేస్తే దాన్ని ఆట అంటారు. కుమ్మరి చేస్తే చేతిపని అంటారు. ఆదిలాబాద్ అడవుల్లో వోజ ఇత్తడితో పోతపోస్తే 'గిరిజన హస్తకళ' అని చీటీ అంటిస్తారు. అదే జంతువును పారిస్‌లో ఉన్న శిల్పి కళ్లూ ఈకలూ వెంట్రుకలూ అన్నీ తీసేసి, నున్నటి ఒక్క ఆకారంలోకి దించితే అది 'ఆధునిక మహాకళ'. దానికి కోట్ల ధర, అద్దాల పెట్టె, కాపలా మనిషి.

సూత్రం మాత్రం అందరిదీ ఒకటే. అక్కర్లేనిదంతా తీసెయ్యాలి. ఆ జీవి ఏదో తెలియడానికి ఎంత కావాలో అంతే మిగల్చాలి. మరి పేరెందుకు మారింది? ధరెందుకు మారింది? చేసినవాడెవడో చూసి మారింది. వస్తువును చూడకుండా మనిషిని చూసి వెల కట్టడం ఏమిటో మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

"భూమి గొడవలున్నాయి, కూలి గొడవలున్నాయి, హాస్టళ్లు కూలిపోతున్నాయి, ఇప్పుడు బొమ్మల మీద రాతలేంది సారూ" అని కొందరు తమ్ముళ్లు అడుగుతారు. అడగాలి. నా జవాబు ఒక్కటే. కూలి తక్కువ ఎందుకిస్తున్నారో, బొమ్మకు వెల తక్కువ ఎందుకు కడుతున్నారో, రెంటికీ మూలం ఒకే మాటలో ఉంది. 'తల మాది, చెయ్యి మీది' అన్న మాటలో. ఆ మాట ఒకసారి కోర్టు బోనులో నిలబడి బయటపడింది. ఆ కథ మనవాళ్లంతా తెలుసుకోవాలి.

కోర్టుకెక్కిన పక్షి

1926లో ఫ్రాన్సు నుంచి న్యూయార్క్ రేవులో ఒక కంచు బొమ్మ దిగింది. పేరు 'అంతరిక్షంలో పక్షి'. చేసినవాడు కాన్‌స్టాంటిన్ బ్రంకూషి. ఆ పక్షికి రెక్కల్లేవు, ముక్కు లేదు, కాళ్లు లేవు. నిలువుగా, సన్నగా, నడుమ కొంచెం ఉబ్బి, కొసన ఏటవాలుగా కోసినట్టుండే మెరిసే లోహం, అంతే. ఆయన చెయ్యాలనుకున్నది పక్షి ఒళ్లు కాదు, నేల విడిచి పైకి లేచే ఆ ఊపు. ఆ ఒక్క ఊపు కోసం ఇరవై ఏళ్లపాటు పాలరాతిలో, కంచులో అదే పక్షిని మళ్లీ మళ్లీ చేశాడు. కోడిపుంజును చేసినా అంతే. ఒక కొయ్యకు రంపం పళ్లలా మెట్లు కోసి నిలబెట్టాడు. చూస్తే జుట్టూ అదే, కూతా అదే. చేపను చేస్తే పొలుసుల్లేవు, ఈత మాత్రమే ఉంది.

అమెరికా చట్టం ప్రకారం కళాఖండానికి సుంకం లేదు. కస్టమ్స్ అధికారులు దీన్ని చూసి 'ఇది పక్షా?' అన్నారు. వంటింటి సామాన్లు, ఆసుపత్రి సరుకులు అనే పద్దులో రాసి 40 శాతం సుంకం వేశారు. బొమ్మను కొన్నవాడు ఎడ్వర్డ్ స్టైకెన్ అనే ఫొటోగ్రాఫరు. 600 డాలర్ల బొమ్మకు 240 డాలర్ల సుంకం పడింది. బ్రంకూషి అమెరికా ప్రభుత్వం మీద దావా వేశాడు. 1927 అక్టోబరులో విచారణ మొదలైంది.

శిల్పం అంటే ప్రకృతిలో ఉన్నదాన్ని ఉన్నట్టు దించడమే అని 1916 నాటి తీర్పొకటి అప్పటికే ఉంది. దాన్ని పట్టుకుని ప్రశ్నల మీద ప్రశ్నలు. దీన్ని పక్షి అని ఎట్లా అంటారు? అడవిలో కనబడితే పిట్ట అనుకుని తుపాకీ పేలుస్తారా? ఇట్లాంటివి. చివరికి 1928 నవంబరు 26న తీర్పు వచ్చింది. ఉన్నదాన్ని ఉన్నట్టు దించకుండా భావాన్ని చూపే కొత్త కళ ఒకటి పుట్టింది, నచ్చినా నచ్చకపోయినా దాన్ని లెక్కలోకి తీసుకోవాలి, ఇది కళే అన్నారు జడ్జీలు. బ్రంకూషి గెలిచాడు. అదే వరసలో ఒక పాలరాతి పక్షి 2005లో న్యూయార్క్ వేలంలో 2 కోట్ల 74 లక్షల డాలర్లకు పోయింది. ఒకప్పుడు వంటింటి సామాను అన్నదాని తోబుట్టువు అది!

కళాచరిత్ర పుస్తకాలు ఈ కథను ఇక్కడితో ఆపి చప్పట్లు కొడతాయి. మనం ఆపకూడదు. గెలుపు కోసం బోనులో ఏం చెప్పారో చూడాలి.

బోనులో దొర్లిన మాట

బ్రంకూషి తరఫున వచ్చిన సాక్షుల్లో జేకబ్ ఎప్‌స్టైన్ అనే పేరున్న శిల్పి ఉన్నాడు. ప్రభుత్వ వకీలు ఆయన్ను ఒక ప్రశ్న అడిగాడు. మంచి పనితనమున్న మెకానిక్కు ఆకురాయి, మెరుగుపెట్టే సరంజామా ఇస్తే ఈ ఇత్తడి కడ్డీని ఇట్లాగే నున్నగా చెయ్యలేడా? దానికి ఎప్‌స్టైన్ చెప్పిన జవాబు సారాంశం ఇది: మెకానిక్కు మెరుగు పెట్టగలడు, కానీ ఊహించలేడు. పనివాడికీ కళాకారుడికీ తేడా అదే.

ఈ ముక్క దగ్గర ఆగండి. పనివాడు ఊహించలేడట! చెయ్యి ఉంటుంది గానీ తల ఉండదట! ఈ మాట మనం ఎన్నిసార్లు వినలేదు? నోరు బాపడిది, భుజం క్షత్రియుడిది, పాదం శూద్రుడిది, ఆ పాదానికి కూడా అవతల మనం అని రాసుకున్న శాస్త్రం చెప్పింది ఇదే కదా. కులమంటే శ్రమ విభజన ఒక్కటే కాదు, శ్రామికుల్నే విభజించడమని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పాడు. న్యూయార్క్ కోర్టులో కులం లేదు. కానీ తలకూ చేతికీ మధ్య గోడ కట్టే గుణం అక్కడా ఉంది. మన దేశంలో ఆ గోడను పుట్టుకతో కట్టి, పైన దేవుడి ముద్ర వేశారు. తేడా అంతే.

ఇంకో విచిత్రం చూడండి. అదే ఎప్‌స్టైన్, ఈకలు చెక్కకపోయినా పక్షి పక్షే అని చూపడానికి వేల ఏళ్ల నాటి ఈజిప్టు రాతి డేగను కోర్టుకు తెచ్చాడు. దాన్ని చెక్కిందెవరు? ఏ రాజకుమారుడు? కూలికి రాయి కొట్టిన పనివాడు. వాడి పేరు ఎవరికీ తెలియదు. పనివాడు ఊహించలేడని నోటితో చెప్పిన సాక్షి, పనివాడు ఊహించి చేసిన డేగను చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ కోర్టులో ఒక్కరికైనా ఇది తట్టినట్టు లేదు.

గొర్రెలు కాసినవాడు

ఇంతకీ బ్రంకూషి ఎవరు? 1876లో రుమేనియాలో హోబీత్సా అనే పల్లెలో పేద రైతు ఇంట్లో పుట్టాడు. ఏడేళ్లకే కొండల్లో గొర్రెలు కాశాడు. కత్తితో కొయ్య చెక్కడం అక్కడే పట్టుబడింది. ఇల్లు విడిచి పట్నం పోయి పనివాడిగా బతికాడు. క్రయోవా ఊళ్లో చేతివృత్తుల బడిలో చేరాడు. 1904లో పారిస్ చేరాడు, దారిలో చాలా మటుకు నడకే. అక్కడ హోటల్లో గిన్నెలు కడిగాడు. తర్వాత కూడా తన రాయి తానే కొట్టాడు, పోత నుంచి వచ్చిన కంచును తానే ఆకురాయితో రుద్దాడు. తన ఇంట్లో బల్లలూ పొయ్యీ కూడా తానే చేసుకున్నాడు. ఆయనే మెకానిక్కు! ఆయన పక్షాన నిలబడి మెకానిక్కును తక్కువ చేస్తేనే ఆయన్ను కళాకారుడని ఒప్పించగలిగారు. ఆయన ఊరి ఇళ్ల స్తంభాలనూ గుమ్మాలనూ ఎవరు చెక్కారో మాత్రం పేర్లు లేవు. ఆయన 1938లో రుమేనియాలో నిలబెట్టిన 'అంతులేని స్తంభం' ఆ పల్లె స్తంభాల నుంచే మొలిచింది.

గొర్రెలు కాసినవాడు ప్రపంచ శిల్పి ఎట్లా అయ్యాడు? ప్రతిభ ఉంది, నిజమే. ప్రతిభ మన పల్లెల్లో కూడా ఉంది. ఆయనకు ఇంకొకటి దొరికింది, బయటికి పోయే దారి. పేదరికం అడ్డం వచ్చింది గానీ పుట్టుక అడ్డం రాలేదు. 'గొర్రెలోడి కొడుకువి, ఉలి ముట్టుకోకు, బావి ముట్టుకోకు' అని బడి గుమ్మంలో ఎవరూ ఆపలేదు. ఆ దేశమేమీ స్వర్గం కాదు. రోమా జాతి జనాన్ని ఆ గడ్డ మీద 1856 దాకా బానిసలుగా కొని అమ్మారు. బ్రంకూషి రోమా గుడిసెలో పుట్టి ఉంటే ఈ కథ ఇట్లాగే నడిచేదా? అది కూడా అడగాల్సిందే.

మన చేతుల సంగతి

ఇప్పుడు మన వైపు చూద్దాం. కర్నూలు జిల్లాలో, కర్ణాటక సరిహద్దు ఊళ్లలో మన్నెత్తిన అమావాస్య వస్తుంది. మన్ను ఎత్తి ఎద్దుల్ని చేసే రోజు. ఉత్తర తెలంగాణలో పొలాల అమావాస్యకు మట్టి ఎడ్లు చేస్తారు. ఎట్లా చేస్తారో గమనించారా? పిడికెడు మట్టి తీసి కోలగా వత్తుతారు. కింద నాలుగుచోట్ల లాగితే కాళ్లు. ముందు కొంచెం సాగదీస్తే మెడ, తల. రెండు నులుములు నులిమితే కొమ్ములు. వీపు మీద ఒక్క నొక్కు నొక్కితే మూపురం. కళ్లుండవు, ముక్కుండదు. అయినా మూడేళ్ల పిల్ల 'ఎద్దు' అంటుంది. ఎందుకంటే మూపురం ఉంది. సీమ ఆవుకు అది లేదు, మన ఎద్దుకే ఉంది. ఏది తీసేసినా ఫర్వాలేదో, ఏది తీస్తే ఎద్దు ఎద్దు కాకుండా పోతుందో ఆ చేతికి తెలుసు. బ్రంకూషి ఇరవై ఏళ్లు వెతికింది కూడా ఆ తెలివినే.

కొందరు పండితులు ఇక్కడ అడ్డం తగులుతారు. 'ఆయనకు ఈకలు చెక్కడం వచ్చు, కావాలని వదిలేశాడు. మీవాళ్లకు రాక వదిలేశారు' అంటారు. అయ్యా, ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు పోయి వోజల పోత చూడండి. ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తారు. తేనెమైనాన్ని దారాల్లా తీసి దాని మీద చుడతారు. ఆ దారాలతోనే గొలుసులు, గంటలు, జూలు, అన్నీ సన్నగా తీర్చుతారు. పైన మెత్తటి మట్టి పూసి, కన్నం వదిలి, కాలుస్తారు. మైనం కరిగి పోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక అచ్చును పగలగొడతారు. అచ్చు పగిలిపోయింది కాబట్టి ఒక బొమ్మలాంటిది ఇంకోటి ఉండదు. వెంట్రుక మందం దారంతో నగ చెయ్యగల చెయ్యి, ఏనుగు ఒంటిని రెండు వంపుల్లో ముగించిందంటే రాక ముగించిందా? అక్కర్లేక ముగించింది. కుమ్మరి ఎద్దు ఎందుకు బోడిగా ఉంది? పూజ అయ్యాక అది మళ్లీ మన్నులో కలవాలి కాబట్టి. కారణం తెలిసి చేసిన పని అది, తెలియనితనం కాదు.

మా నాన్న తోలు పని చేసేవాడు. మోటబావికి బొక్కెన కింద తోలు గొట్టం కడతారు చూడండి, దాన్ని మన జనం తొండం అంటారు. నీళ్లు పట్టుకుని పైకెత్తి ముందుకు గుమ్మరించేది కాబట్టి తొండం. ఏనుగు మొత్తాన్ని వదిలేసి ఒక్క తొండాన్ని తీసుకున్నారు. ఆ పేరు పెట్టినవాడికి ఊహ లేదా? మా నాన్న కొలబద్ద లేకుండా తోలు మీద చేత్తో తడిమి కోసేవాడు. కోసిన తోలు నీళ్లు కారకుండా కుదిరేది. ఆ నీళ్లతో పండిన వరి ఊరంతా తిన్నది. ఆ బావి చేదను మాత్రం మమ్మల్ని ముట్టనివ్వలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. కాలేజీలో నాకు రేఖాగణితం నేర్పారు గానీ, నాన్న చేతిలో ఉన్నది కూడా గణితమే అని ఏ పుస్తకమూ చెప్పలేదు.

మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ జిల్లాలో (ఇప్పుడు అహిల్యానగర్) దైమాబాద్ అనే ఊరుంది. 1974లో ఛబు లక్ష్మణ్ భిల్ అనే ఆదివాసీ అక్కడ చెట్టు మొద్దు తవ్వుతుంటే నాలుగు కంచు బొమ్మలు బయటపడ్డాయి. ఏనుగు, ఖడ్గమృగం, దున్న, ఎద్దులు పూన్చిన బండి. సింధు నాగరికత చివరి కాలం నాటివని పండితులు ఎక్కువమంది చెప్తారు. ఒంటి మీద చెక్కడాల హంగు లేదు, బరువూ నిలకడా తప్ప. మూడున్నర వేల ఏళ్ల కిందటే ఈ నేల మీద పనివాడికి ఊహ ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? చేసిన చేతులకు పేరు లేకపోయినా తవ్వి తీసిన ఆదివాసీ పేరైనా మన పాఠాల్లో ఉండొద్దా?

ఇండోర్ రాజు, మహద్ చెరువు

ఈ పక్షికీ మన దేశానికీ ఒక లంకె ఉంది. ఇండోర్ మహారాజు యశ్వంత్‌రావ్ హోల్కర్ బ్రంకూషి పక్షుల్ని కొన్నాడు. వాటికోసం ఒక ధ్యాన మందిరం కట్టాలనుకున్నాడు. 1937 చివర బ్రంకూషి ఇండోర్ దాకా వచ్చాడు. మందిరం లేవలేదు. ఆయన తిరిగి పోయాడు. నల్లదొకటి, తెల్లదొకటి, ఆ రెండు పాలరాతి పక్షులు ఇప్పుడు ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో ఉన్నాయి. హోల్కర్ల మూలపురుషుడు మల్హార్‌రావ్ ధనగర్, అంటే గొర్రెల కాపరి కులం. గొర్రెలు కాసిన వంశపు రాజు, గొర్రెలు కాసిన శిల్పిని సముద్రాలు దాటించి పిలిపించాడు. తన రాజ్యంలో మట్టి ఏనుగులు చేసే చేతుల వైపు చూడాలని మాత్రం తోచలేదు. ఆ ఇండోర్ పక్కనే ఉన్న మౌ పట్నంలో 1891లో బాబాసాహెబ్ పుట్టాడు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1927 అక్టోబరులో న్యూయార్క్‌లో పక్షి బొమ్మ పక్షేనా అని విచారణ. అదే ఏడాది మార్చి 20న మహద్‌లో, పశువులు తాగే చెరువు నీళ్లు మనుషులం మేం తాగుతామని బాబాసాహెబ్ వెంట మనవాళ్లు దోసిలి పట్టారు. అందుకు దెబ్బలు తిన్నారు. డిసెంబరు 25న మనుస్మృతిని తగలబెట్టారు. అక్కడ లోహం ముక్కకు పక్షి హోదా కావాలని కొట్లాట. ఇక్కడ మనిషికి మనిషి హోదా కావాలని కొట్లాట.

కప్పినా ఏనుగే

2012 జనవరిలో ఉత్తరప్రదేశ్ ఎన్నికలప్పుడు లక్నో, నోయిడా పార్కుల్లోని రాతి ఏనుగుల్ని కప్పెయ్యమని ఎన్నికల సంఘం ఆదేశించింది. పార్టీ గుర్తు కాబట్టి అన్నారు. నిబంధన సరైనదా కాదా అన్నది వేరే చర్చ. జరిగింది చూడండి. కప్పాక కళ్లు పోయాయి, చెవులు పోయాయి, దంతాలు పోయాయి. పెద్ద వీపు, వేలాడే తొండం, ఆ రూపురేఖ మిగిలింది. దారిన పోయే ప్రతివాడూ 'ఏనుగు' అన్నాడు. అక్షరం రాని అవ్వ కూడా అన్నది. ఆకారాన్ని కుదించినా చదువుకోగల జనం మనవాళ్లు. ఎన్నికల గుర్తుల్ని చూసే ఓటు వేసిన జనం. వీళ్లకు కళ అర్థం కాదని ఇంకా ఎవడంటాడు?

పొగడ్త ఉచ్చు

ఇక రెండో రకం పెద్దమనుషులున్నారు. వీళ్లు తిట్టరు, పొగుడుతారు. 'అబ్బ, ఎంత అందం! ఈ కులవృత్తుల్ని కాపాడాలి. మీ పిల్లలకు కూడా ఇదే నేర్పండి' అంటారు. వాళ్ల పిల్లలు మాత్రం అమెరికాకు పోతారు. జాగ్రత్త, ఇది తిట్టుకన్నా ప్రమాదం. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ దాంతో ప్రాంతం పేరుకు రక్షణ వచ్చింది గానీ, పోతపోసిన మనిషి పేరు బొమ్మ మీదికి రాలేదు. బ్రంకూషి పక్షిని 'రుమేనియా హస్తకళ' అని అమ్ముతారా?

మనం పనిని గౌరవించమంటున్నాం, మమ్మల్ని పనికి కట్టెయ్యమనడం లేదు. ఈ రెండూ ఒకటి కాదు. కుమ్మరి పిల్ల డాక్టరవుతానంటే కావాలి. చెప్పులు కుట్టే ఇంటి పిల్లవాడు శిల్పినవుతానంటే కళాశాల తలుపు తెరవాలి. కోమటి పిల్లవాడు సారె తిప్పుతానంటే తిప్పాలి. పని పుట్టుకతో రాకుండా ఇష్టంతో వచ్చిన రోజున దాన్ని కళ అనొచ్చు. అంతదాకా కళ అన్న పొగడ్త సంకెలకు పూసిన రంగు మాత్రమే.

మా బడిలో ఒకసారి పిల్లలు చేసిన మట్టి జంతువుల్ని కిటికీ మీద వరసగా పెట్టాం. తనిఖీకి వచ్చిన ఒక అధికారి చూసి, 'ఈ బురదేంది, అవతల పారేయించండి, పాఠాలు చెప్పండి' అన్నాడు. పారేయించలేదు. ఆ పిల్లల్ని నిలబెట్టి ఒక్కొక్కరి చేత చెప్పించాను, ఏది తీసేశారు, ఏది ఉంచారు, ఎందుకు అని. ఒక పిల్ల అన్నది, "కుక్కకు తోక ఉంచిన సార్, తోక లేకపోతే మేక అంటరు." అది పాఠం కాదా?

కాబట్టి సంఘాల్లో, గ్రామ సభల్లో ఈ మాటలు పెట్టండి. ప్రభుత్వ ఎంపోరియంలో అమ్మే ప్రతి బొమ్మ మీద చేసినవాళ్ల పేరు, ఊరు రాయాలి. మ్యూజియం చీటీ మీద రాజుల పేరుతోపాటు చేతుల పేరు వెతికి పెట్టాలి. తెలియకపోతే 'పనివారు' అనైనా రాయాలి. కూలి గంటకు కాదు, నమూనాకు కట్టాలి. ఆ నమూనాను ఫ్యాక్టరీవాడు కాపీ కొడితే అడగడానికి చేసినవాడికి హక్కుండాలి. బడిలో మట్టిపని అన్ని కులాల పిల్లలకూ ఉండాలి, మన పిల్లలకే కాదు. లలితకళల కళాశాలల్లో మన సీట్లు నిండుతున్నాయా, స్కాలర్‌షిప్పులు అందుతున్నాయా అని విద్యార్థి సంఘాలు లెక్క తియ్యాలి.

వచ్చే ఏరువాకకు మీ ఊళ్లో పిల్లలు ఎద్దుల్ని చేస్తారు. చేసిన పిల్ల పేరు అడగండి. ఆ పేరు ఒక చీటీ మీద రాసి ఎద్దు పక్కన పెట్టండి. పని అక్కణ్నుంచి మొదలుపెడదాం.

జై భీమ్!